అత్త తోట మాకు, అత్త డబ్బు కందుకూరుకు

నిన్నటితో బ్యాంకు పని తెమిలింది. తెమిలిందంటే డబ్బు మా చేతికి వచ్చిందని కాదు, ఇక తిరగక్కర్లేదని. కడుపుమంట చల్లారకముందే రాసేస్తున్నాను.

మా మేనత్త నెల్లూరు మూలాపేటలో ఒక్కతే ఉండేది. పెళ్లయిన కొత్తలోనే మామ పోతే, కందుకూరులోని అత్తింటివాళ్లు ఒక ట్రంకుపెట్టె చేతికిచ్చి పుట్టింటికి పంపించేశారు. ఆ తర్వాత బతికుందో లేదో కూడా కనుక్కోలేదు. అత్త పిల్లలకు బొమ్మలు నేర్పి బతికింది. ఉదయగిరి కొయ్య గరిటెలు తెప్పించి, వాటి కాడల మీద తీగలూ పూలూ గీసి అమ్మేది. పెరడంతా చెట్లే. నందివర్ధనం, పారిజాతం, చంద్రకాంతం, గోడ పొడుగునా శంఖుపూలు. ఆ పూలు నలిపి నీలం రసం తీసి అందులో నిమ్మచెక్క పిండేది. నీలం కాస్తా ఊదాగా, ఇంకాస్త పిండితే గులాబీగా తిరిగేది. ట్యూషన్ పిల్లలు నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. విత్తనాలను పాత క్యాలెండర్ కాగితాల్లో పొట్లాలు కట్టి, పైన పేరు రాయకుండా ఆ పువ్వు బొమ్మ, పక్కన రెండాకుల మొలక ఎలా ఉంటుందో గీసేది. "చదువు రాని పాలామెకు కూడా తెలియాలిగా" అనేది.

ఇక కాగితాల సంగతి. అత్త పోయాక ముందు మరణ నమోదు. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు. చేయించాం, సర్టిఫికెట్ వచ్చింది. ఇల్లు తాత నుంచి వారసత్వంగా వచ్చింది, అత్తకు పిల్లలు లేరు, కాబట్టి అది మా నాన్నకే చెందుతుందన్నారు. పన్ను కాగితంలో పేరు మార్పు కూడా పెద్దగా సతాయించకుండానే అయింది. సచివాలయంలో ఉన్న కుర్రాడు మంచివాడు, అది చెప్పాలి.

చిక్కంతా బ్యాంకులో అత్త వేసుకున్న ఎఫ్‌డీల (ఫిక్స్‌డ్ డిపాజిట్ల) దగ్గర. మూడు లక్షల చిల్లర. రసీదులు బీరువాలో కాదు, విత్తనాల డబ్బాలో అడుగున దొరికాయి. తన తర్వాత డబ్బు ఎవరి చేతికివ్వాలో రాసే నామినీ గడి ఖాళీ. ఆ డబ్బుతో తను చదివిన బడిలో మొక్కలు పెట్టించమని అత్త నోటితో చెప్పింది. నోటి మాట బ్యాంకులో చెల్లుతుందా?

కౌంటర్‌లో ఉన్నామె కాగితాలు తిరగేసి, "ఆమెకు పెళ్లయింది కదా, భర్త వైపు వాళ్లెవరు?" అంది. లేరన్నాం. "లేకపోవడమేంటి? ఈ డబ్బుకు మీరు వారసులు కారు పెద్దాయనా, పక్కకు జరగండి" అంది, హాలంతా వినపడేలా. మా నాన్నకు డెబ్బై ఎనిమిది. నలభై ఏళ్లకు పైగా చెల్లెలికి ఏ కష్టమొచ్చినా చూసుకున్న మనిషి. పంచె అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వెనకున్న ఆయన "జరగండి సార్" అని భుజం తట్టాడు. నేను మేనేజరు గదిలోకి వెళ్లి కేకలేశాను, వేసినందుకు ఏమీ సిగ్గుపడటం లేదు. ఆయన తాపీగా చట్టం చెప్పాడు.

చెప్పింది నిజమే. తర్వాత వకీలునూ అడిగాను. హిందూ వారసత్వ చట్టం, 1956, సెక్షన్ 15. వీలునామా రాయకుండా పోయిన స్త్రీకి పిల్లలూ భర్తా లేకపోతే, ఆమె సొంతంగా సంపాదించింది ముందు భర్త వారసులకే. కన్న తల్లిదండ్రులు కూడా వాళ్ల తర్వాతే. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిందైతేనే తండ్రి వైపు తిరిగొస్తుంది. భర్త పోగానే అత్తింటివాళ్లు తరిమేసిన ఒకావిడ కేసులో 2009లో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. ఆవిడ సొంత సంపాదన అత్తింటివాళ్లకే వెళ్లింది. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

"అభ్యంతరం లేదు" అని స్టాంపు కాగితం మీద సంతకం పెట్టించుకుందామని నాన్నతో కందుకూరు వెళ్లాను. అత్త మరిది మమ్మల్ని వరండాలోనే కూర్చోబెట్టాడు. "ఏం బావా, ఇన్నాళ్లకు గుర్తొచ్చామా?" అన్నాడు. నాన్న చేతులు జోడించాడు. వద్దని నేను మోచేత్తో పొడుస్తున్నా వినలేదు. బడి సంగతి, మొక్కల సంగతి చెప్పాడు. ఆయన అంతా విని, "ఎంతైనా మా ఇంటి కోడలు కదా, ఆమె పేరు మీద మేమే ఏదో ఒకటి చేస్తాంలే" అన్నాడు. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. మేం లేస్తుంటే ఆయన భార్య, "అక్క దగ్గర ముద్ద గులాబీ బాగుండేదట కదా, ఆ కుండీ కూడా పంపించండి" అంది.

రసీదులు వాళ్లకే ఇచ్చేశాను. నిన్న నెల్లూరు వచ్చి డబ్బు తీసుకున్నారు. కుండీ మాత్రం ఇవ్వలేదు.

ఇంట్లో ఒంటరి ఆడవాళ్లుంటే, నామినీ పేరు పెట్టారా, వీలునామా రాశారా అని మొహమాటపడకుండా అడగండి. నామినీ ఉంటే బ్యాంకు డబ్బు చేతికిస్తుంది. 2025 నవంబరు 1 నుంచి నలుగురి పేర్లు పెట్టుకోవచ్చు. కానీ నామినీ అంటే వారసుడు కాదు, అసలు హక్కుదారులు తర్వాత వచ్చి అడగొచ్చు. అందుకే వీలునామా ఉండాలి. తెల్లకాగితం చాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఏ ఏజెంటుకూ వేలు పోయకండి.

బడికి మొక్కలు మా డబ్బుతోనే పెడుతున్నాం, గుంతలు తవ్వడం అయిపోయింది. పెరట్లో నారు ఇంకా చాలా ఉంది. ఆదివారం పొద్దున్నే ఎవరైనా వచ్చి పట్టుకెళ్లొచ్చు, గోనెసంచి మీరే తెచ్చుకోండి. చంద్రకాంతం విత్తనాలు అడిగినన్ని ఇస్తాను. బొమ్మలున్న పొట్లాలు మాత్రం అడగొద్దు. కందుకూరు నుంచి వచ్చేవాళ్లు ముందు మీ ఇంటిపేరు చెప్పండి.