6 మి.మీ. ఫ్రెంచ్ బెటాలియన్: ఇప్పటిదాకా అయిన పని

టేబుల్ మీద ఆడే యుద్ధపు ఆట కోసం 6 మి.మీ. సైజు సైనికుల బొమ్మలకి రంగులు వేస్తున్నాను. నెపోలియన్ కాలం నాటి ఫ్రెంచ్ పదాతి దళంలో మొదటి బెటాలియన్‌కి రంగులు వెయ్యడం అయిపోయింది. బేస్‌లు (బొమ్మల్ని నిలబెట్టే పీటలు), వార్నిష్ మిగిలాయి.

ఇంత చిన్న బొమ్మలకు కళ్లు, గుండీలు దిద్దుతూ కూర్చుంటే పని తెమలదు, దిద్దినా కనబడవు. టేబుల్ పక్కన నిలబడి చూసేవాళ్లకి కనిపించేది వరుస మొత్తం. కాబట్టి రంగుల మధ్య తేడా కొట్టొచ్చినట్టు ఉండాలి. అసలు యూనిఫాం ముదురు నీలమే అయినా ఈ సైజులో అది నల్లగా కనిపిస్తుంది. అందుకే రెండు మెట్లు లేత నీలం తీసుకున్నాను.

పోత గీతలు (అచ్చు అతుకు దగ్గర బొమ్మ మీద మిగిలే గీతలు) కత్తితో గీకి, సబ్బునీళ్లతో కడిగి, బాగా ఆరాక ఐస్‌క్రీమ్ పుల్లల మీద వరుసగా అంటించాను. ప్రైమర్ (రంగులకి ముందు వేసే అడుగు పూత) నలుపు. కోటుకీ సంచికీ మధ్య సన్నగా ఆ నలుపు వదిలేస్తే నీడ వేరే వెయ్యక్కర్లేదు.

ఎక్కువ సమయం పెట్టింది వీపుల మీదే. ఆడేటప్పుడు మన సైన్యం వీపులే కదా మనకి కనిపించేవి! తోలు సంచికి గోధుమ రంగు, దాని మీద చుట్టిపెట్టిన ఓవర్‌కోటుకి లేత బూడిద రంగు. ఈ రెండూ పడగానే వరుసకి ప్రాణం వచ్చింది. ముందువైపు ఛాతీ మీద తెల్ల పట్టీలు భుజం నుంచి నడుము దాకా ఒక్కో గీతలో లాగెయ్యాలి. తెలుపులో ఒక్క చుక్క నీళ్లు చాలు, ఎక్కువైతే గీత పాకుతుంది. బ్రష్ 1 నంబరుదే, మొన చెదరకుండా ఉంటే సరిపోతుంది. మరీ సన్నని 000 బ్రష్‌లో అయితే బొమ్మ దాకా వెళ్లేలోపే రంగు ఆరిపోతుంది. ముఖానికి ఒక చుక్క, పైన గోధుమ వాష్ (నీళ్లలా పల్చటి రంగు పూత), అంతే.

1808 తర్వాత ఫ్రెంచ్ బెటాలియన్‌లో ఆరు కంపెనీలు. లైన్‌లో కుడి చివర గ్రెనేడియర్లు (ఏరికోరి ఎంచిన సైనికులు), ఎడమ చివర వోల్టిజర్లు (ముందుకెళ్లి విడివిడిగా కాల్పులు జరిపే చురుకైన సైనికులు). కుడివైపు వాళ్ల టోపీ కుచ్చులకి ఎరుపు, ఎడమవైపు వాళ్లకి పసుపు పెట్టాను. ఆ చుక్కలతోనే ఏ కొస ఏదో దూరం నుంచే తెలిసిపోతోంది. నాకు ఈ బెటాలియన్‌లో అన్నిటికంటే నచ్చింది అదే.

బేస్‌లకి ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు రాసి, జల్లించిన సన్న ఇసుక చల్లాలి. మామూలు ఇసుక వేస్తే రేణువులు సైనికుడి మోకాలంత ఎత్తున బండల్లా ఉంటాయి. మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రే మాత్రం గాలిలో తేమ లేని రోజు చూసి కొడతాను, లేకపోతే తెల్లటి పొర కడుతుంది. ఈలోగా రెండో బెటాలియన్‌కి పోత గీతలు గీకడం మొదలుపెట్టాను.