వాన లెక్కల లాగ్: జేసన్‌లో తేదీల చిక్కు

డాబా మీది వాన గేజీ లెక్కలన్నీ ఒక్క చోటికి చేర్చే పని ఈ వారం కాస్త కదిలింది. జేసన్‌లో (డేటాను అక్షరాల రూపంలో దాచే ఫైల్ పద్ధతి) అంకెలకు ఒక రకం, అక్షరాలకు ఒక రకం ఉన్నాయి గానీ తేదీకంటూ రకమే లేదు. ఎవరికి తోచినట్టు వాళ్లు రాసేస్తారు. నా దగ్గరే మూడు తీర్లున్నాయి: గేజీ బోర్డు పంపే 1720152600, పాత ఫోన్ యాప్‌లోంచి దించుకున్న "05/07/2024 09:40 పీఎం", ఇంకో ఫైల్లో "2024-07-05టీ04:10:00జెడ్".

మొదటిది సులువే. పది అంకెలుంటే 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు. పదమూడుంటే మిల్లీసెకన్లు, వెయ్యితో భాగించాలి.

ఫోన్ యాప్‌ది అసలు తలనొప్పి. 05/07 అంటే జులై 5వ తేదీయా, మే 7వ తేదీయా? ఫైలంతా వెతికితే ఒకచోట 23/07 దొరికింది. ఇరవై మూడో నెల ఉండదు కాబట్టి రోజే ముందు. ఈ పని డేట్‌యుటిల్‌కు (తేదీలను ఊహించి చదివే పైథాన్ ప్రోగ్రామింగ్ లైబ్రరీ) వదిలేయడం నాకిష్టం లేదు. మనం చెప్పకపోతే అది 05/07ను మే 7గా, 23/07ను జులై 23గా చదువుతుంది, అదీ ఒకే ఫైల్లో! అందుకే పైథాన్‌లో తేదీలు చదివే స్ట్రప్‌టైమ్ ఫంక్షన్‌కు ఫార్మాట్ చేత్తో రాసిచ్చాను. పీఎం ఉన్నప్పుడు గంటకు పెద్ద 'ఐ' కోడే (12 గంటల లెక్కది) వాడాలి. పెద్ద 'హెచ్' (24 గంటల లెక్కది) ఇస్తే ఎర్రర్ రాదు, పీఎంను పట్టించుకోదు. రాత్రి 9:40 వాన పొద్దున 9:40కి పడిపోతుంది.

చివర జెడ్ ఉంటే అది యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. మనకు ఐదున్నర గంటలు కలపాలి. వాన లెక్కలో ఇది చిన్న తేడా కాదు: వాతావరణ శాఖ వర్షపాతాన్ని ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా లెక్కేస్తుంది. 04:10 జెడ్ అంటే మన 9:40, కొత్త లెక్కలోకి వస్తుంది. జెడ్‌ను వదిలేస్తే 4:10 అయిపోయి ముందు రోజు ఖాతాలో పడుతుంది. పైథాన్ 3.11 నుంచి ఫ్రమ్‌ఐసోఫార్మాట్ (ఇలాంటి తేదీలు చదివే ఫంక్షన్) జెడ్‌ను నేరుగా చదువుతుంది. అంతకు ముందు వెర్షన్లలో జెడ్ స్థానంలో "+00:00" పెట్టి ఇవ్వాలి.

తిరిగి జేసన్‌లో రాసేటప్పుడు డేట్‌టైమ్‌ను (పైథాన్‌లో తేదీ, సమయం ఉండే విలువ) అలాగే ఇస్తే టైప్ఎర్రర్ వస్తుంది. డిఫాల్ట్ అనే ఆర్గ్యుమెంటుకు తేదీని అక్షరాలుగా మార్చే ఐసోఫార్మాట్‌ను పిలిచే చిన్న ఫంక్షన్ తగిలిస్తే సరి. అన్నిటికీ చివర "+05:30" ఉండేట్టు రాస్తున్నాను.

ఇంకా "5-జులై-24" అని తెలుగులో నెల పేరున్న షీటొకటి మిగిలింది. దానికి పన్నెండు పేర్ల డిక్షనరీ చేత్తో రాయాలి. జులై, జూలై రెండూ ఉన్నాయి మరి.