స్కీ నోట్‌బుక్: 40 నిమిషాల నుంచి 26 గంటల దాకా

2025 నవంబర్ 16, ఆదివారం, నల్లగొండ

పొద్దున అయిదున్నరకు లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కి దిగాను. నా లెక్కలో ఎక్కడానికి మార్కులు లేవు, దిగడానికే ఉన్నాయి. ఒక్కో మెట్టు మీద మోకాలు వంచి, మనసులో మూడు దాకా లెక్కపెట్టుకుని, అప్పుడు రెండో కాలు కిందకు దింపుతాను. ఇంటికొచ్చాక గోడకు వీపు ఆనించి, కింద కుర్చీ ఉన్నట్టే కూర్చున్నాను. 2 నిమిషాల 10 సెకన్లు నిలిచాను. జూన్‌లో మొదలుపెట్టిన రోజు 35 సెకన్లకే తొడలు వణికాయి.

నల్లగొండలో ఎరువుల దుకాణం నడుపుకునేవాడికి మంచు మీద జారే ఆట ఎందుకని అడుగుతుంటారు. ఒక వాలు మీద కాళ్లు నా మాట విని, నేను అనుకున్న చోట మలుపు తిరిగి, అనుకున్న చోట ఆగిన క్షణం ఒకటుంది. దాని కోసమే. ఆ క్షణం నాకు రెండో ప్రయాణంలో దొరికింది. మొదటి ప్రయాణంలో ఎందుకు దొరకలేదో, రెండోసారి ఏం మారిందో ఈ నోట్‌బుక్‌లో రాసిపెట్టుకున్నాను. దుకాణానికి వచ్చే ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు ఈ చలికాలం కశ్మీర్ వెళ్తామంటున్నారు. వాళ్లకు పనికొస్తుందని శుభ్రంగా తిరగరాస్తున్నా.

నోట్‌బుక్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన గడి ఒకటే: స్కీలు, అంటే మంచు మీద జారడానికి బూట్ల కింద బిగించే పొడవాటి పలకలు, కాళ్లకు తొడుక్కుని మంచు మీద గడిపిన సమయం. హోటల్ ఎలా ఉంది, కొండలు ఎంత అందంగా ఉన్నాయి అనేవి తర్వాతి మాటలు. స్కీయింగ్ కోసం వెళ్లినవాడికి ఆ గడిలో అంకె చిన్నదైతే, మిగతావన్నీ ఎంత బాగున్నా మనసు వెలితిగానే తిరిగొస్తుంది.

2024 జనవరి, మొదటి ప్రయాణం: 40 నిమిషాలు

సంక్రాంతి సెలవుల్లో బయల్దేరాం. నేను, నా భార్య, మా పాప. దుకాణం తమ్ముడికి అప్పగించాను. యాసంగి నాట్ల సీజన్, యూరియా కోసం రైతులు వరుసకట్టే రోజులు. అయినా పాపకు బడి సెలవులు అప్పుడే కాబట్టి తప్పలేదు. ఆరు రోజుల ప్యాకేజీ మాట్లాడుకున్నాం. "గుల్‌మార్గ్‌లో స్కీయింగ్" అని కాగితం మీద పెద్ద అక్షరాలతో ఉంది. వెళ్లాక తెలిసింది, గుల్‌మార్గ్‌కు మాకు కేటాయించింది ఒక్క పూట. మిగతా రోజులన్నీ దాల్ సరస్సు, పహల్గామ్, సోన్‌మార్గ్, శాలువాల దుకాణాలు.

దానికి తోడు ఆ జనవరిలో గుల్‌మార్గ్‌లో మంచే లేదు. కశ్మీర్‌లో డిసెంబర్ 21 నుంచి 40 రోజుల గట్టి చలిని చిల్లై కలాన్ అంటారు. మంచు ఎక్కువగా పడాల్సింది అప్పుడే. పడమటి నుంచి వచ్చే వాయుగుండాల లాంటి మేఘాలు, వాతావరణ శాఖ భాషలో వెస్టర్న్ డిస్టర్బెన్స్, ఆ ఏడాది ముఖం చాటేశాయి. తెల్లగా ఉండాల్సిన మైదానమంతా ఎండిన గడ్డి. పాప కారు దిగి "నాన్నా, ఇది మన పానగల్లు చెరువు కట్ట లెక్కనే ఉంది" అంది. గండోలాలో, అంటే కొండ పైకి తీగ మీద వెళ్లే పెట్టెలో, మొదటి అంచె కొంగ్‌డూరి దాకా వెళ్తే, అక్కడ నీడపట్టున గట్టిపడిన పాత మంచు కాస్త మిగిలి ఉంది. దాని మీదే ఒకతను నన్ను చెయ్యి పట్టుకుని అటూ ఇటూ నడిపించాడు. ఫొటోలు తీసుకున్నాం. గడియారం చూసుకుంటే 40 నిమిషాలు. మేము ఇంటికొచ్చాక, నెలాఖరుకు గానీ అక్కడ మంచు పడలేదు.

ఆ ప్రయాణంలో ఎవరు ఎంత ఆనందపడ్డారో తర్వాత ఆలోచించాను. నా భార్యకు ఏ లోటూ లేదు. ఎండలో కూర్చుని కహ్వా అనే కశ్మీరీ టీ తాగింది, శ్రీనగర్‌లో తోటలు చూసింది, కట్టుకెళ్లిన సకినాలు పడవ నడిపే పెద్దాయనకు కూడా పెట్టింది. ఆమె కోరుకున్న సెలవు ఆమెకు దొరికింది. నాకు దొరకలేదు. ఒకే ప్యాకేజీలో రెండు రకాల సెలవులు కుదరవు. ఇంట్లో అందరూ కలిసి వెళ్లేటట్టయితే స్కీయింగ్ రోజులు, చూసే రోజులు విడివిడిగా పెట్టుకోవాలి. లేకపోతే ఇద్దరిలో ఒకరు రోజంతా రెండోవాళ్ల కోసం చలిలో నిలబడాల్సి వస్తుంది.

2025 మార్చి, రెండో ప్రయాణం: 26 గంటలు

ఈసారి నాతో వచ్చింది మా బామ్మర్ది. మూడు మార్చాను.

మొదటిది తేదీ. ఫిబ్రవరి చివరికల్లా మా దుకాణంలో యూరియా రద్దీ తగ్గుతుంది. అందుకని మార్చి మొదటి వారం అనుకున్నాను, కానీ టికెట్లు ముందుగా కొనలేదు. ఫిబ్రవరిలో కూడా మంచు చాలక అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ వాయిదా పడ్డాయి. నెలాఖరున మంచు బాగా కురిసిందని తెలిశాకే ఢిల్లీ మీదుగా శ్రీనగర్‌కు టికెట్లు తీశాను. ఛార్జీ కొంత ఎక్కువైంది. మంచు లేని చోటికి చౌకగా వెళ్లడం కంటే ఇది ఎంతో నయం. వాయిదా పడిన ఆటలు మార్చి 9న మొదలయ్యాయి. మేము కిందకు దిగొచ్చింది ఆ రోజే.

రెండోది బస. శ్రీనగర్ నుంచి గుల్‌మార్గ్ దాదాపు 50 కిలోమీటర్లు. మంచు ఉన్నప్పుడు టంగ్‌మర్గ్‌లో చక్రాలకు గొలుసులు కట్టిన బండి ఎక్కాలి. అలా రోజూ వచ్చిపోతే నాలుగైదు గంటలు దారిలోనే అయిపోతాయి. అందుకే గుల్‌మార్గ్‌లోనే, వాలుకు నడిచి వెళ్లేంత దూరంలో చిన్న గది తీసుకున్నాం. గది సాదాసీదాగా ఉంది, కరెంటు పోతూ వస్తూ ఉంది. అయినా పొద్దున తొమ్మిదింటికి టీ తాగి, తొమ్మిదింబావుకు మంచు మీద ఉండేవాళ్లం.

మూడోది గురువు. ఏడు రోజులకూ ఒకే మనిషిని మాట్లాడుకున్నాం. రోజుకు రూ.2,500, ఇద్దరం పంచుకున్నాం. స్కీలు, బూట్లు, కర్రల అద్దె మనిషికి రూ.1,000. అద్దె దగ్గర బేరమాడండి, గురువు దగ్గర మాత్రం పొదుపు చేయకండి. అతను ఉర్దూ మాట్లాడతాడు, మేం మా నల్లగొండ ఉర్దూ మాట్లాడతాం. ఆ విధంగా భాష ఇబ్బంది లేదు.

మా బామ్మర్ది బూట్ల కథ వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది సెలవు చెడిపోయేది అక్కడే.

అద్దె దుకాణంలో అతను వదులుగా, సుఖంగా ఉన్న జత ఎంచుకున్నాడు. చెప్పులు కొన్నట్టే. పైగా నల్లగొండ గడియారం సెంటర్‌లో కొన్న నూలు సాక్సులు రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసుకున్నాడు. మొదటి రోజు మధ్యాహ్నానికి మంచులో కూర్చుండిపోయాడు. "బావా, నాకు వేళ్లున్నయో లేవో తెలుస్తలేదు" అన్నాడు. బూటు విప్పితే సాక్సులు చెమటకు తడిసి ముద్దయ్యాయి. మోకాలి కింది ఎముక మీద ఎర్రగా గీత పడింది. రేపటి నుంచి రానని, గదిలోనే పడుకుంటానని అన్నాడు.

మా ఉస్తాద్ అతన్ని తిరిగి దుకాణానికి తీసుకెళ్లి, గోడకు మడమ ఆనించి నిలబెట్టి, పాదం పొడవు సెంటీమీటర్లలో కొలిచాడు. 26 వచ్చింది. బామ్మర్ది వేసుకున్న బూటు 28. స్కీ బూట్ల సైజు అంటే పాదం పొడవు సెంటీమీటర్లలో, అంతే. మనం మామూలుగా కొనే 8, 9 నంబర్లతో దానికి పని లేదు. 26 జత తెచ్చి, ఒకే ఒక సన్నని ఉన్ని సాక్సు వేయించి, లోపలి ప్యాంటు అంచు బూటులో దూరకుండా పైకి లాగి, మడమతో నేలను రెండుసార్లు తన్నమన్నాడు. మడమ వెనక్కి వెళ్లి కూర్చున్నాక చీలమండ దగ్గరి బిగింపు ముందు పెట్టి, తర్వాత పైవి, చివర్న వేళ్ల దగ్గరిది వదులుగా పెట్టాడు. నిటారుగా నిలబడితే వేళ్లు బూటు ముందు గోడను తాకాలి. మోకాళ్లు ముందుకు వంచితే వేళ్లు వెనక్కి రావాలి. మడమ మాత్రం లేవకూడదు. రెండో రోజు నుంచి బామ్మర్ది బూట్ల మాటే ఎత్తలేదు. అతనికి మిగిలిన రోజులు దక్కింది ఆ ఇరవై నిమిషాల వల్లే.

బూటు వదులైతే మడమ లేస్తుంది. మడమ లేస్తే మన కాలు చెప్పిన మాట స్కీకి చేరదు. మలుపు తిరగాలని నువ్వు వంగితే బూటు లోపల కాలు వంగుతుంది గానీ కింద స్కీ సూటిగానే పోతుంది. అప్పుడు నీలో ధైర్యం లేదనుకుంటావు, నిజానికి లోపం సైజుది.

రోజువారీ లెక్క ఇది. మొదటి రోజు రెండున్నర గంటలు, 31 సార్లు పడ్డాను. రెండో రోజు 3 గంటలు. మూడో రోజు నాలుగున్నర. నాలుగో రోజు సున్నా. అయిదో రోజు 5, ఆరు, ఏడో రోజుల్లో అయిదున్నర చొప్పున. ఏడో రోజు 4 సార్లు పడ్డాను. మొత్తం 26 గంటలు.

మొదట నేర్పేది నాగలి ఆకారం: స్కీల ముందు కొనలు దగ్గరగా, మడమలు ఎడంగా. మడమలు ఎంత ఎడంగా తోస్తే అంత నెమ్మది. నేను మూడు రోజులు స్కీల కొనల వైపే చూస్తూ జారాను, చూసిన ప్రతిసారీ పడ్డాను. ఉస్తాద్ వెనక నుంచి "నీచే మత్ దేఖో, దూర్ దేఖో" (కిందికి చూడకు, దూరంగా చూడు) అని అరిచేవాడు. మలుపు అసలు కిటుకు బరువులో ఉంది. కుడివైపు తిరగాలంటే ఎడమ కాలి మీద బరువు వేయాలి. మలుపులో వెలుపలి కాలు అన్నమాట. వాలు భయంతో శరీరం కొండ వైపు ఒరుగుతుంది, బరువు లోపలి కాలి మీద పడుతుంది, స్కీ జారిపోతుంది. దమ్ము చేసిన మడి గట్టు మీద నడిచేటప్పుడు పొలం వైపు ఒరిగితే ఏమవుతుందో తెలిసినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. అయిదో రోజు పదకొండు గంటల ప్రాంతంలో వరుసగా ఆరు మలుపులు పడకుండా తిరిగి, ఉస్తాద్ చూపిన చోట ఆగాను. గుండె ఎంత కొట్టుకుందో ఇప్పటికీ గుర్తుంది.

మార్చి మంచుకు వేళలున్నాయి. రాత్రి గడ్డకట్టింది పొద్దున పది దాకా గాజులా గట్టిగా ఉంటుంది, స్కీ అంచు పట్టదు. పదిన్నర నుంచి ఒంటిగంట దాకా పైపొర మెత్తబడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అదే మంచి సమయం. రెండు దాటాక తడి మంచు స్కీలను పట్టుకుంటుంది. వాన పడ్డ నల్లరేగడిలో ట్రాక్టర్ చక్రంలా కాళ్లు కూరుకుంటాయి, మోకాళ్లు మెలికపడేది అప్పుడే. మేము మధ్యాహ్నం భోజనం తర్వాత తేలిక వాలు మీదే ఉండేవాళ్లం. మబ్బు పట్టినప్పుడు నేలకూ ఆకాశానికీ తేడా కనిపించదు, ముందున్న గుంత కూడా కనిపించదు. అప్పుడు నల్ల కళ్లద్దాలు పనికిరావు, పసుపు రంగు గాగుల్స్ కావాలి. ఎండ ఉన్నప్పుడు సన్‌స్క్రీన్ గడ్డం కింద, ముక్కు కింద కూడా రాయాలి. కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో చాలా భాగాన్ని పైకి తిప్పికొడుతుంది. మేం పుట్టి పెరిగింది 45 డిగ్రీల ఎండలో, అయినా నా ముక్కు కింద చర్మం అక్కడ మూడో రోజుకే ఊడింది.

రెండో అంచె గండోలా అఫర్వత్ కొండ దగ్గర దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు వెళ్తుంది. బామ్మర్ది వెళ్దామన్నాడు, నేను వద్దన్నాను. అక్కడి వాలుల్లో చాలావరకు చదును చేసినవి కావు. 2023 ఫిబ్రవరిలో అక్కడే మంచు చరియ విరుచుకుపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. ఆరు మలుపులు నేర్చినవాడికి అక్కడ పని లేదు. పైన నిలబడి చూసి అదే గండోలాలో దిగిరావచ్చు, దానికి టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి.

ఇక ఆ సున్నా. నాలుగో రోజు పొద్దున మంచం దిగుతుంటే కాళ్లు మడవలేకపోయాను. మెట్లు దిగడానికి రెయిలింగ్ పట్టుకున్నాను. ఉస్తాద్ నా నడక చూసి స్కీలు చేతికివ్వలేదు. బయట ఎండ, కొత్త మంచు, ఖాళీ వాలు. నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. అన్ని వేల రూపాయలు పెట్టి, అంత దూరం వెళ్లి, ఒక రోజు పోగొట్టుకున్నది నా కాళ్ల వల్లే. జూన్ నుంచి గుట్ట మెట్లు పట్టుకున్నది అందుకే.

2025 నవంబర్ 23, ఆదివారం

గుట్ట రెండుసార్లు దిగాను. గోడ కుర్చీ 2 నిమిషాల 20 సెకన్లు. పక్కకు దూకే కసరత్తు, ఒక్కో కాలికి 20, మూడు విడతలు. ఎడమ మోకాలు కొంచెం లోపలికి ఒరుగుతోందని నా భార్య గమనించి చెప్పింది. వచ్చే వారం అద్దం ముందు చేస్తాను.

బట్టల సంచి సర్దడం మొదలుపెట్టాను. ఒంటికి అంటి ఉండే సింథటిక్ థర్మల్, దాని మీద ఫ్లీస్, పైన నీళ్లు దూరని జాకెట్, ప్యాంటు. నూలు బట్ట ఒక్కటీ లేదు. చెమట పీల్చుకుని ఆరదు, వాలు పైకి తీసుకెళ్లే కుర్చీల లిఫ్ట్ మీద కూర్చున్న పది నిమిషాల్లో వీపు గడ్డకడుతుంది. చేతి తొడుగులు రెండు జతలు, ఒకటి తడిస్తే ఇంకోటి.

ఈసారి ఫిబ్రవరి చివరి వారం, మార్చి మొదటి రెండు వారాలు ఖాళీగా ఉంచమని తమ్ముడికి చెప్పాను. రోజులు తొమ్మిది. అందులో రెండు మంచు కోసం ఎదురుచూడటానికి, ఒకటి కాళ్లకు విశ్రాంతికి. నా భార్య శ్రీనగర్‌లో ఆమె అక్కతో ఉంటానంది. పాప నాతో గుల్‌మార్గ్ వస్తుంది. బడికి సెలవు పెట్టాలి, టీచర్‌తో మాట్లాడాను.

సాయంత్రం గోడ దగ్గర తెల్లకాగితం పరిచి, దాని మీద పాపను నిలబెట్టి, మడమ గోడకు ఆనిందో లేదో చూసి, బొటనవేలి ముందు పెన్సిల్ గీత గీశాను. 22.5. పెరిగే వయసు కదా, జనవరి నెలాఖరులో మళ్లీ కొలవాలి. కాగితం మడిచి నోట్‌బుక్‌లో పెట్టాను.