రెండో కీపర్

ఆదివారం. బోరు మోటారు ఆగిపోయింది. మెకానిక్ పదింటికి వస్తానన్నాడు, అంటే మధ్యాహ్నం దాకా ఇల్లు కదలడానికి లేదు. ట్యాంకులో మిగిలిన నీళ్లు వంటకి పోను స్నానాలకి వస్తాయో రావో అని మా ఆవిడ లెక్కలేస్తోంది. మావాడు ఇవేవీ పట్టనట్టు మొహం మాడ్చుకుని సోఫాలో పడున్నాడు. స్కూల్ ఫుట్‌బాల్ టీమ్ లిస్టు వచ్చిందట. వాడి పేరుంది, కానీ రెండో కీపర్‌గా.

"కీపర్‌ని ఎవరూ మార్చరు నాన్నా. ఫార్వర్డ్ అయితే ఆఖరి పది నిమిషాలైనా దింపుతారు. నేను టోర్నమెంట్ అయ్యేదాకా వాటర్ బాటిల్స్ మొయ్యాలి" అన్నాడు.

వాడన్నది నిజమే. మొదటి కీపర్‌కి దెబ్బ తగిలితేనో, రెడ్ కార్డు పడితేనో తప్ప రెండోవాడికి పని రాదు. అలాగని పక్కవాడికి దెబ్బ తగలాలని కోరుకోలేం కదా. ఏం చెప్పాలో తోచక చెర్చేసోవ్ సంగతి ఎత్తాను.

స్తనిస్లావ్ చెర్చేసోవ్. 2018 ప్రపంచకప్‌లో రష్యా కోచ్. పేరు గుర్తు లేకపోయినా గుండు, కింద దట్టమైన మీసం, నవ్వని మొహం చెబితే చాలామందికి గుర్తొస్తాడు. మనవైపు పోలీస్ ఇన్‌స్పెక్టర్ వేషానికి ఇట్టే సరిపోయే మనిషి. పుట్టింది 1963లో, కాకసస్ కొండల కింద ఉత్తర ఒసేతియాలోని అలగీర్ అనే చిన్న పట్టణంలో. ఇరవై ఏళ్ల వయసులో, 1984లో, మాస్కో స్పార్టక్ క్లబ్బులో చేరాడు. చేరాడు గానీ అక్కడ గోల్‌లో ఉన్నది రినాత్ దసాయెవ్.

దసాయెవ్ అంటే సోవియట్ జట్టు కీపర్. యాషిన్ తర్వాత ఆ దేశంలో అంత పేరు వచ్చిన గోలీ. 1988లో ప్రపంచంలోనే ఉత్తమ గోల్‌కీపర్‌గా ఎంపికైనవాడు. అలాంటి మనిషి ఉండగా రెండోవాడికి ఎన్ని మ్యాచ్‌లు దక్కుతాయి? 1987లో స్పార్టక్ సోవియట్ లీగ్ గెలిచినప్పుడు కూడా చెర్చేసోవ్ ఎక్కువగా బెంచీ మీదే. 1988లో ఆడుకోవడానికి లోకోమోటివ్ అనే ఇంకో క్లబ్బుకి వెళ్లాడు. ఆ ఏడాది చివర్లో దసాయెవ్ స్పెయిన్‌లోని సెవియాకి వెళ్లిపోయాడు. ఈయన తిరిగొచ్చాడు. 1989లో స్పార్టక్ మళ్లీ చాంపియన్, దేశంలో ఆ ఏటి ఉత్తమ గోల్‌కీపర్ అవార్డు చెర్చేసోవ్‌కి.

"మరి దసాయెవ్ వెళ్లకపోయుంటే?" అన్నాడు మావాడు.

పిల్లలకి కథ చెప్పేటప్పుడు ఇదే తంటా. మనం ఓపికకి ఫలితం అని చెప్పాలనుకుంటాం, వాళ్లు అందులో అదృష్టం ఎంతో కనిపెట్టేస్తారు. వెళ్లకపోయుంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? లోకోమోటివ్‌లో ఆడుతూ ఉండకపోతే మాత్రం దసాయెవ్ ఖాళీ చేసిన చోటు ఇంకొకరికి పోయేదని నా నమ్మకం. ఆ మాటే చెప్పాను. వాడు ఒప్పుకోలేదు, అలాగని లేచి వెళ్లిపోనూ లేదు.

ఈలోగా మెకానిక్ వచ్చాడు. కెపాసిటర్ పోయిందన్నాడు, కొనుక్కొస్తానని మళ్లీ వెళ్లాడు.

నాకు ఈయన కెరీర్‌లో బాగా ఇష్టమైన ముక్క 1990 నవంబరులో ఉంది. యూరోపియన్ కప్‌లో స్పార్టక్, నాపోలీ. నాపోలీ అంటే అప్పట్లో మరడోనా. ఇటలీలో 0-0, మాస్కోలోనూ 0-0. మరడోనా జట్టుతో కలిసి రాకుండా తర్వాత వేరే విమానంలో వచ్చి, బెంచీ మీద కూర్చుని, సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. (మరడోనా కూడా బెంచీ మీద కూర్చున్నాడనేసరికి మావాడు మొదటిసారి నవ్వాడు.) పెనాల్టీ షూటౌట్‌లో మరడోనా తన వంతు గోల్ చేశాడు, నాపోలీ ఒక్కటి పోగొట్టుకుంది, స్పార్టక్ అయిదుకి అయిదూ కొట్టింది. 5-3. గోల్‌లో చెర్చేసోవ్. తర్వాతి రౌండ్‌లో రియల్ మాడ్రిడ్‌ని వాళ్ల సొంత గ్రౌండ్‌లోనే 3-1తో ఓడించి స్పార్టక్ సెమీస్ దాకా పోయింది. అక్కడ మార్సెయ్ చేతిలో ఆగిపోయారు.

ఆ షూటౌట్ జరిగింది మాస్కోలోని లెనిన్ స్టేడియంలో. ఇప్పుడు దాని పేరు లుజ్నికి. పేరు గుర్తుంచుకో, మళ్లీ వస్తుందన్నాను.

1994 ప్రపంచకప్‌కి వచ్చేసరికి మళ్లీ పాత కథ. రష్యా మొదటి రెండు మ్యాచ్‌ల్లో గోల్‌లో ఖారిన్ నిలబడ్డాడు. రెండూ ఓడిపోయారు. మూడోది కామెరూన్‌తో, అందులో చెర్చేసోవ్‌ని దింపారు. ఆ మ్యాచ్ 6-1. ఒలేగ్ సాలెంకో ఒక్కడే అయిదు గోల్స్ కొట్టాడు, ప్రపంచకప్ మ్యాచ్‌లో ఇంకెవరూ అన్ని కొట్టలేదు. కామెరూన్‌కి వచ్చిన ఆ ఒక్క గోల్ కొట్టింది రోజే మిల్లా, 42 ఏళ్ల వయసులో. ప్రపంచకప్‌లో గోల్ చేసిన అందరిలోకీ పెద్దవాడు ఆయనే. అంటే ఆ రికార్డు పుట్టినప్పుడు వల ముందు నిలబడినవాడు చెర్చేసోవ్. కీపర్ ఉద్యోగంలో ఇదో అన్యాయం, ఎవరి ఘనతైనా చూపించేటప్పుడు కింద పడి ఉన్నది నువ్వే కనిపిస్తావు. ట్యాబ్‌లో ఆ వీడియో తీసి ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు మావాడు. కీపర్ తప్పేం లేదని తీర్పిచ్చాడు.

జర్మనీలో డ్రెస్డెన్‌కి ఆడాడు. తర్వాత ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రూక్, టిరోల్ జట్టు. 2000, 2001, 2002, వరసగా మూడు లీగ్ టైటిళ్లు. మూడో ఏడాది ఆ జట్టు కోచ్ యోఆఖిమ్ లోవ్, తర్వాత జర్మనీకి ప్రపంచకప్ తెచ్చిపెట్టినాయన. టైటిల్ గెలిచిన ఆ ఏడే క్లబ్బు దివాలా తీసింది. 2002 ప్రపంచకప్‌కి చెర్చేసోవ్‌ని 38 ఏళ్ల వయసులో రష్యా జట్టులోకి తీసుకున్నారు. ఒక్క నిమిషం కూడా ఆడలేదు. మొదలుపెట్టిన బెంచీ మీదే ముగించాడు.

కోచ్‌గా మొదట్లో చెప్పుకోడానికి పెద్దగా లేదు. కుఫ్‌స్టైన్ అనే చిన్న ఆస్ట్రియా క్లబ్బు, మళ్లీ ఇన్స్‌బ్రూక్, తర్వాత సొంత స్పార్టక్. అక్కడ సీనియర్ ఆటగాళ్లని పక్కన పెట్టాడు, అందులో అభిమానులు నెత్తిన పెట్టుకున్న తితోవ్ ఒకడు. 2008 ఆగస్టులో కీవ్ డైనమో చేతిలో 1-4తో ఓడగానే ఉద్యోగం పోయింది. సోచీ, గ్రోజ్నీ, పెర్మ్, డైనమో మాస్కో తిరిగాడు. పోలండ్‌లో లెగియా వార్సాకి క్లబ్బు నూరేళ్ల పండగ ఏడాదిలో, 2016లో, లీగూ కప్పూ రెండూ తెచ్చాడు. ఆ ఆగస్టులోనే రష్యా జట్టు చేతికొచ్చింది.

2018 ప్రపంచకప్ ముందు రష్యా వరసగా ఏడు మ్యాచ్‌లు గెలవలేదు. ఫిఫా ర్యాంకింగ్‌లో 70, ఆడుతున్న 32 జట్లలో అందరికన్నా కింద. ఆతిథ్యం ఇచ్చేవాళ్ల జట్టే ఇలా ఉంటే జనానికి ఎంత టెన్షన్! ఇవాన్ ఉర్గాంత్ అనే టీవీ యాంకర్ చెర్చేసోవ్ మీసాన్నే గుర్తుగా పెట్టి అందరూ మీసం పెంచి జట్టుకి మద్దతివ్వండని సరదాగా పిలుపిచ్చాడు. మొదటి మ్యాచ్‌లో సౌదీ మీద 5-0, తర్వాత ఈజిప్టు మీద 3-1. వెక్కిరింతలు ఆగిపోయాయి.

జూలై 1న స్పెయిన్‌తో మ్యాచ్. స్టేడియం లుజ్నికి. మావాడు తలెత్తాడు.

ఆ మ్యాచ్‌కి చెర్చేసోవ్ అయిదుగురు డిఫెండర్లని పెట్టాడు. స్పెయిన్ వెయ్యికి పైగా పాసులు కొట్టింది. 12వ నిమిషంలో రష్యా డిఫెండర్ ఇగ్నాషేవిచ్ కాలికి తగిలి బంతి సొంత గోల్‌లోకే పోయింది. ఆయనకీ అప్పుడు 38 ఏళ్లే, రిటైరైతే పిలిచి తెచ్చారు. స్పెయిన్ ఆటగాడు పికే చేతికి బంతి తగలడంతో వచ్చిన పెనాల్టీని రష్యా ఫార్వర్డ్ జ్యూబా గోల్ చేశాడు. అక్కణ్నించి ఎక్స్‌ట్రా టైమ్ అయిపోయేదాకా అంతా కాచుకోవడమే. షూటౌట్‌లో రష్యా కీపర్ అకిన్‌ఫెయెవ్ కోకె కొట్టిన బంతిని చేత్తో ఆపాడు. ఆస్పాస్ కొట్టినప్పుడు మాత్రం పక్కకి దూకేశాడు, బంతి మధ్యలోకొచ్చింది, గాల్లో మిగిలిపోయిన ఎడమ కాలితో తన్నేశాడు. రష్యా గెలిచింది.

ఆ ఆటని చాలామంది తిట్టారు, బస్సు అడ్డం పెట్టారన్నారు, అంటే అందరూ గోల్ ముందే కాపలా కాశారని. మావాడిదీ అదే మాట, "బోర్ నాన్నా" అని. నాకు మాత్రం అది కీపర్ వేసిన ప్లాన్‌లాగే కనిపిస్తుంది. బంతి మన దగ్గర ఉండదు, ఉండాలని ఆశ పడకు, వచ్చినప్పుడు చోటు తప్పకుండా ఉండు. బలహీనమైన జట్టు చేతిలో పెట్టుకుని స్పెయిన్‌తో పాసుల పోటీ పెట్టుకోవడం ధైర్యం అనిపించుకోదు.

ఆరు రోజుల తర్వాత సోచీలో క్రొయేషియాతో 2-2. 115వ నిమిషంలో హెడ్డర్‌తో స్కోరు సమం చేసిన మారియో ఫెర్నాండెజే షూటౌట్‌లో బంతిని బయటికి కొట్టాడు. మోద్రిచ్ కొట్టినది అకిన్‌ఫెయెవ్ చేతికి తగిలి, పోస్టుకి కొట్టుకుని కూడా లోపలికే పోయింది. 3-4. ఆ పోస్టు గురించి మా ఇంట్లో అరగంట చర్చ నడిచింది, మధ్యలో మోటారు ఆన్ అయిన చప్పుడు కూడా ఎవరూ పట్టించుకోలేదు.

రాత్రి అన్నాల దగ్గర మా ఆవిడ, "ఇంతకీ ఆ మీసాలాయన ఇప్పుడేం చేస్తున్నాడు?" అంది. చెప్పాను. యూరో పోటీల్లో డెన్మార్క్ చేతిలో 1-4తో ఓడాక 2021లో రష్యా ఉద్యోగం పోయింది. హంగరీలో ఫెరెన్స్‌వారోష్‌ని రెండేళ్లు వరసగా చాంపియన్ చేశాడు. 2023 జూలైలో ఫారో దీవుల నుంచి వచ్చిన క్లాక్స్‌విక్ అనే జట్టు బుడాపెస్ట్‌లో 3-0తో ఓడించింది. వాళ్లలో చాలామంది వేరే ఉద్యోగాలు చేసుకుంటూ ఆడేవాళ్లు. దాంతో అక్కడా తీసేశారు. మరుసటి ఏడు, 2024లో, కొన్నాళ్లు కజకిస్తాన్ జట్టుకి కోచ్‌గా ఉన్నాడు.

"రెండు కప్పులు తెచ్చినా తీసేశారా!" అని మా ఆవిడ ఆశ్చర్యపోయింది.

మావాడి ధ్యాస వేరే చోట ఉంది. "3-0 అంటే ఆ దీవుల వాళ్ల కీపర్ ఒక్క గోల్ కూడా వదల్లేదన్నమాట. వాడెవడు నాన్నా?" అన్నాడు. నాకేం తెలుసన్నాను. చెయ్యి కడుక్కుని ట్యాబ్ తీసుకుని లోపలికి పోయాడు. పొద్దున ఆరింటికే ప్రాక్టీస్, తొందరగా పడుకోమని మా ఆవిడ కేకేసింది.