రైలు కిటికీలోంచి చూసిన సింగపూర్

నిన్న ఉదయం సియోల్‌లోని మా అమ్మాయి ఇంటికి క్షేమంగా చేరాము. ప్రయాణ బడలిక తీరింది కాని సింగపూర్ విమానాశ్రయంలో జరిగింది మాత్రం మనసులోంచి పోవడం లేదు. అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

కొరియా వీసా అడిగిన కాగితాలన్నీ ఇస్తే సులువుగానే వచ్చింది. టికెట్లు ఒకే బుకింగులో ఉన్నందువల్ల సామాను నేరుగా సియోల్ విమానాశ్రయమైన ఇంచియోన్‌కు వెళ్ళిపోయింది. ఉదయం ఆరున్నరకు సింగపూర్‌లో దిగి రాత్రి పదిన్నరకు మళ్ళీ విమానం ఎక్కాలి. పదహారు గంటలు ఊరికే కూర్చోవడం ఎందుకు, ఊరు చూసి రండి అన్నవాడు మాకు టికెట్లు కొనిపెట్టిన ఏజెంటు. భారతీయులకు సింగపూర్‌లో 96 గంటలు వీసా లేకుండా తిరిగే వీలుందని చెప్పి, ఆ దేశంలోకి వెళ్ళేవారు ముందుగా నింపవలసిన అరైవల్ కార్డు నింపిపెట్టినందుకు ఇద్దరికీ కలిపి రుసుము కూడా తీసుకున్నాడు. సెరంగూన్ రోడ్డులోని వీరమాకాళియమ్మన్ గుడికి, శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్ళాలని మా ఆవిడ ముందు రోజే పట్టుచీర విడిగా చేతిసంచిలో పెట్టుకుంది.

ఇమిగ్రేషన్ దగ్గర యంత్రంలో పాస్‌పోర్టు పెట్టాను. తలుపు తెరుచుకోలేదు. తుడిచి మళ్ళీ పెట్టినా తెరుచుకోలేదు. వెనుక నిలబడినవారు పక్క వరుసలోకి మారిపోతూ మా ఇద్దరినీ పరిశీలనగా చూశారు. ఒక ఉద్యోగి వచ్చి మమ్మల్ని పక్కకు తీసుకువెళ్ళి, కుర్చీలు చూపించి, పాస్‌పోర్టులు తీసుకున్నాడు. అక్కడ నలభై నిమిషాలు కూర్చున్నాము. ముప్పై అయిదేళ్ళు ఖజానా లెక్కలు చూసి, ఒక్క ఆడిట్ అభ్యంతరం కూడా లేకుండా పదవీ విరమణ చేసిన మనిషిని నేను. కాగితాలు సరిగా లేనివాడిగా పదిమంది ముందు కూర్చోవలసి రావడం నాకు అదే మొదటిసారి. మా ఆవిడ ఏమీ అడగలేదు. చేతిసంచిని మాత్రం ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

తిరిగి వచ్చిన ఆ ఉద్యోగి ఎంతో మర్యాదగా విషయం వివరించాడు. ఆ 96 గంటల వెసులుబాటు ఉన్నమాట నిజమే. అయితే అది ఆస్ట్రేలియా, కెనడా, జర్మనీ, జపాన్, న్యూజీలాండ్, స్విట్జర్లాండ్, బ్రిటన్, అమెరికా, ఈ ఎనిమిది దేశాలలో ఏదో ఒకదాని వీసా చేతిలో ఉండి, మూడో దేశానికి వెళ్తున్న లేదా అక్కడినుంచి వస్తున్న భారతీయులకే. కొరియా ఆ జాబితాలో లేదు. మేము విమానం మారేవారు ఆగే ట్రాన్సిట్ ప్రాంతంలోనే ఉండాలి. అతని తప్పు ఇసుమంత కూడా లేదు. ఆ మొదటి సగం మాత్రమే చెప్పి, రెండో సగం మింగేసిన మా ఏజెంటుదే తప్పంతా. పైగా ఆ అరైవల్ కార్డును ఎవరైనా ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా నింపుకోవచ్చు. ఇమిగ్రేషన్ దాటని ప్రయాణికుడికి అసలు ఆ కార్డే అక్కరలేదు. అవసరం లేని పనికి డబ్బు తీసుకోవడాన్ని నేను సేవ అనలేను. నియమం పూర్తిగా తెలియకపోతే తెలియదని చెప్పడమే మర్యాద.

ట్రాన్సిట్ ప్రయాణికులకు ఉచితంగా ఊరు చూపించే బస్సు యాత్ర ఉందని విని ఆశపడ్డాను. అయిదున్నర గంటలకు పైగా, 24 గంటల లోపు ఆగేవారికి అది దొరుకుతుంది. కాని దానికీ ఇమిగ్రేషన్ దాటాలి, అంటే దేశంలోకి వెళ్ళే అర్హత ఉండాలి. మీకు ఆ అర్హత ఉంటే తప్పక వెళ్ళండి.

మూడో టెర్మినల్ లోపలే ఉన్న సీతాకోకచిలుకల తోటలో కాసేపు కూర్చున్నాక మా ఆవిడ ముఖం తేటపడింది. అక్కడ నేల తుడుస్తున్న ఒక పెద్దావిడ మా ఆవిడ బొట్టు చూసి తమిళంలో పలకరించింది. తమిళం ఆ దేశపు నాలుగు అధికార భాషలలో ఒకటి. మా ఆవిడకు వచ్చిన నాలుగు తమిళ ముక్కలతోనే సంగతి చెప్పుకుంటే, టెర్మినళ్ళ మధ్య తిరిగే రైలెక్కి చూడమని సలహా ఇచ్చింది.

2019లో తెరిచిన జ్యువెల్ అనే గాజు భవనం ఇమిగ్రేషన్‌కు అవతల, మాకు అందని చోట ఉంది. అయితే రెండో, మూడో టెర్మినళ్ళ మధ్య రైలు ఆ భవనం లోపలినుంచే పోతుంది. పొద్దున మేము ఎక్కినప్పుడు అందులోని జలపాతానికి నీళ్ళు ఇంకా వదలలేదు, చెట్లు మాత్రమే కనిపించాయి. మధ్యాహ్నం మళ్ళీ ఎక్కాము. పైకప్పు నడుమ నుంచి నలభై మీటర్ల ఎత్తున నీళ్ళు తెల్లగా కిందికి దూకుతున్నాయి. చుట్టూ మెట్లు మెట్లుగా అడవి, ఆ చెట్ల మధ్య బిడ్డను భుజాల మీద ఎత్తుకుని నడుస్తున్న ఒక తండ్రి. అంతలోనే రైలు దాటిపోయింది. ఆ తండ్రి నడుస్తున్న నేల సింగపూర్; మేము ఉన్న పెట్టె ఇంకా సింగపూర్ కాదు. మా ఆవిడ దిగకుండా, ఇంకోసారి వెళ్దామండీ అంది. ఆ రోజు అటూ ఇటూ తొమ్మిదిసార్లు తిరిగాము.

తిరుగు ప్రయాణం కూడా సింగపూర్ మీదుగానే. ఈసారి ఏజెంటు మాట మీద ఆధారపడకుండా, ముందుగానే వీసాకు నేనే కాగితాలు సిద్ధం చేస్తున్నాను. పట్టుచీర మా ఆవిడ మళ్ళీ మడతపెట్టి అదే చేతిసంచిలో ఉంచింది.