నా పేస్‌మేకర్ మీద కట్టిన డాన్స్

గ్లాస్గోలో మా ఇంటి దగ్గరి చర్చి హాల్లో వారానికోసారి స్కాటిష్ కంట్రీ డాన్స్ నేర్పుతారు. ఈ డాన్సులను కాపాడుతున్న సంఘం 1923లో పుట్టింది ఈ ఊళ్ళోనే. మగవాళ్ళొక వరస, ఆడవాళ్ళొక వరస, మామూలుగా నాలుగు జంటలు. నాకు మొదటిసారి కళ్ళు తిరిగింది అక్కడే.

జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గరికి వెళ్తే, "మీ వయసు ఆడవాళ్ళకి మామూలేనండీ, డాన్సులు తగ్గించండి" అన్నాడు. ఈసీజీ తియ్యలేదు. మళ్ళీ వెళ్ళినా అదే మాట. ఆ మాట తలచుకుంటే ఇవాళ్టికీ ఒళ్ళు మండుతుంది.

చివరికి డాన్స్ మధ్యలో కుప్పకూలిపోయాను. మాకు నేర్పే ఆవిడ రిటైరైన నర్సు. మణికట్టు మీద వేళ్ళు పెట్టి, వాచీ చూసుకుని, అంబులెన్స్ పిలిపించింది. నిమిషానికి ముప్పై కూడా కొట్టట్లేదట. కంప్లీట్ హార్ట్ బ్లాక్. గుండె పై గదుల తాళం కింది గదులకి అందట్లేదు, దేని దారి దానిదే.

ఆ రాత్రి మాత్రం మర్చిపోలేను. పొద్దున్నే ఆపరేషన్ అన్నారు. ఎందుకైనా మంచిదని ఛాతీ మీద, వీపు మీద పెద్ద ప్యాడ్లు అంటించారు. మానిటర్ బీప్ అంటుంది, ఆగుతుంది. ఆ సందులో లోపలంతా ఖాళీ అయిపోయి, మంచం కిందికి జారుతున్నట్టుండేది. కాళ్ళ దగ్గర నిలబడ్డ కుర్ర డాక్టరు పక్కవాడితో, "చూడు, ఎంత పెద్ద పాజో!" అన్నాడు. నేను వింటున్నానన్న ధ్యాస కూడా లేదు. నైట్ నర్సు అతన్ని బయటికి పంపేసి, కుర్చీ లాక్కుని నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. విజయవాడలో అమ్మ దుర్గమ్మకి మొక్కుకుంది. ఆ తల్లే ఈ నర్సు రూపంలో వచ్చిందని నా నమ్మకం.

ఎడమ భుజం కింద పేస్‌మేకర్, గుండెలోకి రెండు తీగలు. అంతే, ఇంటికి పంపేశారు. ఇంక బతుకంతా మిషన్ మీదేనా అని భయపడుతుంటే క్లినిక్‌లో టెక్నీషియన్ ఆర్నే లార్సన్ గురించి చెప్పింది. 1958లో స్వీడన్‌లో శరీరం లోపల పేస్‌మేకర్ పెట్టించుకున్న మొదటి మనిషి. మొదటిది కొన్ని గంటలకే పాడైంది. అయినా మార్చుకుంటూ మార్చుకుంటూ 2001 దాకా, 86 ఏళ్ళు బతికాడు. ఆ మాట నాకు మందులా పనిచేసింది. నిమిషానికి 60కి తగ్గకుండా కాపలా కాస్తుందనీ, గుండె తనంతట తను కొట్టుకుంటే ఊరుకుంటుందనీ కూడా ఆవిడే చెప్పింది.

ఇదంతా మా డాన్స్ టీచరుకి చెప్తే ఆవిడ 32 బార్ల (పాటలో తాళం ఆవర్తాల) జిగ్, అంటే హుషారైన డాన్సు, ఒకటి కట్టింది. మొదటి జంట గుండె గదులు. ఒకరు కదులుతారు, రెండోవాళ్ళు అందుకోలేక వెనకబడతారు. మూడో జంట పేస్‌మేకర్, కదలకుండా చూస్తూ ఉంటుంది. తాళం తప్పిన చోట చెయ్యి అందించి తిప్పుతుంది. తర్వాత ఎనిమిది బార్లు అందరూ గుండ్రంగా. మొదటిసారి ఆడుతున్నప్పుడు ఏడ్చేశాను.

ఊరికే కళ్ళు తిరిగి పడిపోతుంటే ఈసీజీ తియ్యమని గట్టిగా అడగండి. వయసు, నీరసం అంటే లేచి రావద్దు.

తీగలు కుదురుకునేదాకా ఎడమ చెయ్యి భుజం దాటి ఎత్తొద్దన్నారు కాబట్టి ఆవిడ ఆ డాన్సంతా కుడిచేత్తోనే కట్టింది. ఇప్పుడు నా ఎడమ చెయ్యి బాగానే లేస్తోంది. అయినా ఏమీ మార్చొద్దని ఆవిడతో చెప్పాను.