సర్టిఫికెట్ కంటే ముందు సిమెంటు కేసు

మా కడప లాయర్ల వాట్సాప్ గ్రూపులో తరచూ ఒక ప్రకటన తిరుగుతుంటుంది: ఆన్‌లైన్‌లో కాంపిటీషన్ చట్టం (కంపెనీలు కుమ్మక్కై పోటీని దెబ్బతీయకుండా ఆపే చట్టం) కోర్సు, చివర్లో సర్టిఫికెట్. "చేరమంటారా మేడమ్?" అని జూనియర్లు అడుగుతారు. అమెరికాలో అయితే ఈ సందేహమే రాదు. వృత్తిలో ఉంటూనే చదవాల్సిన శిక్షణ కింద న్యూయార్క్ లాయరు రెండేళ్లకు 24 క్రెడిట్లు, కాలిఫోర్నియా లాయరు మూడేళ్లకు 25 గంటలు పూర్తిచేసి తీరాలి. మనకు ఆ నిర్బంధం లేదు కనుక ఏం చదవాలో మనమే తేల్చుకోవాలి.

నన్నడిగితే ముందు సిమెంటు కేసు చదవండి. ఎర్రగుంట్ల ఫ్యాక్టరీల మధ్య తిరిగే మనకు బస్తా ధర కొత్త విషయం కాదు. 2012 జూన్‌లో, ఈ చట్టాన్ని అమలుచేసే కాంపిటీషన్ కమిషన్, కుమ్మక్కై ధరలు పెంచారంటూ 11 సిమెంటు కంపెనీలకు సుమారు 6,300 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కుమ్మక్కయ్యామని ఎవరూ కాగితం రాసుకోరు కదా! ధరలు జంటగా కదలడం, సామర్థ్యం ఉన్నా ఉత్పత్తి తగ్గించడం, తయారీదారుల సంఘం సమావేశాలు, ఇవన్నీ పేర్చి కుమ్మక్కు జరిగిందని తేల్చారు. 2015లో అప్పీలు ట్రైబ్యునల్ దాన్ని కొట్టేసింది, అదీ ధరల జోలికి పోకుండానే: వాదనలు వినని కమిషన్ చైర్‌పర్సన్ ఉత్తర్వుపై సంతకం పెట్టారట! కమిషన్ మళ్లీ విని 2016లో మళ్లీ జరిమానా వేసింది. 2018లో, ఆ ట్రైబ్యునల్ స్థానంలో అప్పీళ్లు వినే ఎన్‌సీఎల్‌ఏటీ దాన్ని ఖాయం చేసింది.

సంతకం గొడవ మనకు ఇట్టే అర్థమవుతుంది, రోజూ చేసే వాదనే. మింగుడుపడనిది ధరల లెక్క. దానికి నేను కోర్సులో చేరలేదు, డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే మా వదినను పట్టుకున్నాను.

26(2) సెక్షన్ కింద ఫిర్యాదును మొదట్లోనే మూసేసే ఉత్తర్వులూ చదవండి. కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితం, చాలావరకు చిన్నవి. డీలర్‌షిప్ రద్దు చేశారంటూ ఆవేశంగా వచ్చే కక్షిదారుకు ముందు చూపించాల్సినవి అవే.

అయినా డబ్బు కట్టి చేరతామంటే, జరిమానా పాఠం ఏమిటో అడగండి. తప్పు జరిగిన సరుకు టర్నోవరు మీదే జరిమానా లెక్కించాలన్న 2017 నాటి సుప్రీంకోర్టు ఎక్సెల్ క్రాప్ కేర్ తీర్పు దగ్గరే ఆగిపోతే ఆ పాఠం పాతబడినట్టే. 2023 సవరణతో జరిమానా గరిష్ఠ పరిమితికి ప్రపంచవ్యాప్త టర్నోవరు లెక్కలోకి వచ్చింది, 2024 మార్చి నుంచి అమలు. అప్పీలుకు జరిమానాలో పావు వంతు ముందే కట్టాలన్నదీ ఆ సవరణే. ఈమధ్య మా గ్రూపులోకి వచ్చిన ఒక కోర్సులో వీటి ఊసే లేదు. ఎప్పుడో రద్దయిన 1969 నాటి ఎమ్మార్టీపీ (గుత్తాధిపత్య నియంత్రణ) చట్టానికి మాత్రం రెండు తరగతులు కేటాయించారు.